కేబుల్ తీగయు దాని రుగ్మతలును

జంషెడ్‌పూరు నగరపు తూర్పు భాగమున, సువర్ణరేఖా నదికి చేరువగా, భుయాడీహ్, బారీడీహ్ పేటలకు ఇరుగుపొరుగుగా సిద్ధగోరా యను నివాసస్థలము కలదు. కంపెనీ క్వార్టర్ల వరుసలును, వాని చుట్టును పెరిగిన బస్తీలును, సూర్యమందిరమును గల ఈ పేటలో హిందీ, భోజ్‌పురీ, బంగాళీ, ఒడియా, సంతాలీ మాటల నడుమ తెలుగు మాటయు వినబడును. 1907 వ సంవత్సరమున టాటా ఇనుము, ఉక్కు కంపెనీ స్థాపితమై, 1912 లో సాక్చీ గ్రామమున తొలి ఉక్కు కరగిన నాటినుండియు పనివెదకికొనుచు వచ్చిన వారిలో తెలుగువారు కలరు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి బెంగాల్ నాగపూర్ రైలుమార్గము వెంబడి ఖరగ్‌పూరు వరకును, అచ్చటినుండి కాలీమాటి స్టేషను వరకును వారు వచ్చిరి. ఆ కాలీమాటియే పిమ్మట టాటానగర మైనది. 1919 లో లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఊరికి జంషెడ్‌పూరని నామకరణము చేసెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1950 లో జాతీయ లోహశోధనాలయము, 1967 లో జాదుగూడ యురేనియము సంస్థ ఏర్పడుటతో, ఉక్కు కొలిమితో సంబంధము లేని కేంద్ర ప్రభుత్వోద్యోగులును ఈ ప్రాంతమునకు రాసాగిరి.

ఇట్టి పేటలో ఒక ఇంటి టెలివిజన్ బొమ్మ చెడుట చరిత్రకెక్కదగిన విషయమా యని చదువరులకు తోచవచ్చును. విశాఖపట్టణములోనో, విజయవాడలోనో ఐనచో కాకపోవచ్చును. అచ్చట ఒక తెలుగు ఛానల్ మసకబారినచో వీధిలో తెలుగు వినబడును, బడిలో వినబడును, బస్సులో వినబడును. సిద్ధగోరాలో బడి హిందీ, ఇంగ్లీషులది, అంగడి హిందీది, ఆటస్థలమును హిందీదే. తెలుగు వంటయింటిలో మొదలై వాకిటిలో ముగియును. ఇంటికి వెలుపలి తెలుగును, అనగా తల్లిదండ్రులు కాక అన్యులు మాటాడెడి తెలుగును, పిల్లల చెవికి చేర్చిన సాధనము ఒకానొక కాలమున కేబుల్ తీగ యొక్కటియే. బొమ్మపై చుక్కలు కురియగానే పిల్లలు మీట నొక్కి, స్వచ్ఛముగా వచ్చుచున్న హిందీ ఛానలునకు పోయెడివారు. తీగలోని దోష మట్లు భాషలోనికి ప్రవేశించెను. కావున ఆ దోషములు ఎచ్చట పుట్టినవి, ఏల తెలుగు ఛానలునే ముందుగా పట్టినవి యను విచారణ నిరర్థకము కాదు.

భారతదేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15 న ఢిల్లీలో ప్రారంభమైనది. కలకత్తా కేంద్రము 1975 ఆగస్టు 9 న, హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరు 23 న వెలసినవి. సిద్ధగోరాకు కలకత్తా రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరము. హైదరాబాదు గీటుగీచినట్లు పోయినను వేయి కిలోమీటర్లకు తక్కువ కాదు. టెలివిజన్ తరంగములు భూమి వంపు ననుసరించి దూరము పోజాలవు. ఇంచుమించు చూపు సాగినంత మేరకే సాగును. 200 మీటర్ల స్తంభముపై నుండి ప్రసారము చేసి, 16 మీటర్ల యెత్తున ఏంటెన్నా నిలిపి పట్టినను, లెక్క ప్రకారము అందెడి దూరము 75 కిలోమీటర్లు మాత్రమే. వాతావరణము అనుకూలించిన ఏ రాత్రియో దూరకేంద్రపు బొమ్మ మెరుపువలె వచ్చిపోవచ్చును గాని, దానిని నమ్ముకొని ఇంటిల్లిపాది కూర్చుండుటకు వీలులేదు.

ఈ కష్టమును తప్పించు మార్గము ఆకాశమున కలదని దేశమునకు మొదట చూపినది 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన సైట్ ప్రయోగము. అమెరికా ఉపగ్రహము ఏ.టి.ఎస్.-6 సాయమున ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు బొమ్మ చేరినది. వానిలో ఆంధ్రప్రదేశమును, అప్పటికి జంషెడ్‌పూరు చేరియున్న బీహారును కలవు. కోళ్ళగూటికి వాడెడి సన్నని ఇనుపవల వంటి వలతో చేసిన 3 మీటర్ల గొడుగులు గ్రామములలో నిలిచినవి. నగరవాసులు కఱ్ఱకు చేపముల్లు వంటి ఏంటెన్నా కట్టుకొని తిప్పుకొనుచున్న దినములలో పల్లెటూళ్ళు డిష్ పెట్టుకొన్నవన్నమాట! ఏడాది గడువు తీరగానే అది వెడలిపోయెను.

ఇన్సాట్-1బి 1983 లో నింగికెగసిన పిమ్మట దూరదర్శన్ దేశమంతటను చిన్న ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పసాగెను; 1984 లో కొన్ని నెలల కాలము ఇంచుమించు దినమున కొకటి వంతున అవి వెలసినవి. ఆ 100 వాట్ల యంత్రముల మేర పది పదునైదు కిలోమీటర్లు. చిన్న నగరములకు బొమ్మ వచ్చినది. దానితో బొమ్మ జబ్బులును వచ్చినవి. మిద్దెమీద ఒకరు, కిటికీకడ ఒకరు, సెట్టు ముందొకరు నిలిచి, "వచ్చిందా? పోయిందా?" యని కేకలు వేసికొనుట ఆ తరమువారందరును ఎఱిగినదే. చుక్కలు కురిసినచో తరంగము బలహీనమని అర్థము. బొమ్మ కుడివైపున దాని నీడ కనబడినచో తరంగము రెండు దారుల వచ్చినదని అర్థము: ఒకటి తిన్నగా వచ్చినది, రెండవది కొండకో, కర్మాగారపు రేకు కప్పునకో తగిలి చుట్టు తిరిగి ఆలస్యముగా వచ్చినది. ఉత్తరమున దల్మా కొండలును, నడుమ ఉక్కు కార్ఖానాయు గల ఊరిలో అట్టి దారులకు కొదువ యేమి! 300 మీటర్ల అధిక ప్రయాణము తరంగమును ఒక మైక్రోసెకను ఆలస్యము చేయును. 20 అంగుళముల తెరపై ఆ ఆలస్యము సుమారు ముప్పాతిక సెంటీమీటరు ఎడముగా కనబడును. నీడ దూరమును కొలిచి, తరంగము ఎంత దూరము చుట్టివచ్చినదో ఇంటిలో కూర్చుండియే లెక్క కట్టవచ్చును. వెల్డింగు, పెద్ద మోటార్లు గల చోట తెరపై అడ్డముగా తెల్లని గీతల తుంపరలు పడును. అది వేరొక దోషము.

కేబుల్ తీగ యనునది వినోదమునకు అదనముగా పుట్టినదని పలువురి తలంపు. వాస్తవమున అది ఈ రోగములకు మందుగా పుట్టినది. 1948 లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రమున, అస్టోరియా యను రేవుపట్టణమందు ఎడ్ పార్సన్స్ అను రేడియో నిపుణుడు ఉండెను. సియాటిల్‌లో ఆ యేడు నవంబరులో ఒక టెలివిజన్ స్టేషను మొదలైనది. నడుమ సుమారు 200 కిలోమీటర్ల దూరము, కొండలును. అనగా సిద్ధగోరాకును కలకత్తాకును గల దూరమువంటిదే. పార్సన్స్ ఊరంతయు వెదకి, ఒక హోటలు కప్పుపై తరంగము అందుచున్నదని కనుగొని, అచ్చట ఏంటెన్నా నిలిపి, తీగ వేసి తన యింటికి బొమ్మ తెచ్చుకొనెను. ఆ వార్త విని ఇల్లు జనముతో నిండిపోగా, వారిని వదలించుకొనుటకు హోటలు హాలునకును, పిమ్మట ఇరుగుపొరుగులకును తీగ పంచవలసి వచ్చినది. పెన్సిల్వేనియాలో మహనోయ్ సిటీ, లాన్స్‌ఫర్డ్ వంటి బొగ్గుగని ఊళ్ళకును కొండలే అడ్డము. మహనోయ్ సిటీలో టెలివిజన్ సెట్ల వర్తకుడు జాన్ వాల్సన్ 1948 లోనే కొండమీది నుండి తీగ దింపెనని చెప్పుదురు. లాన్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ టార్ల్టన్ 1950 లో కొండపై ఏంటెన్నా, దారిపొడుగున యాంప్లిఫైయర్లు, నెలసరి చందా గల పద్ధతి నెలకొల్పెను. నేటి కేబుల్ ఆపరేటరునకు మూలపురుషు డీతడే యనుట న్యాయము. గనికూలీలు గల ఊళ్ళలో ఈ విద్య పుట్టుట గమనింపదగిన విషయము.

మన దేశమున తీగ మొదట వేరొక పనికి వచ్చినది. 1984 ప్రాంతమున బొంబాయి, గుజరాతు నగరములలోని ఎత్తైన భవనములలో ఒక వీడియో యంత్రమును క్రింద పెట్టి, అన్ని ఇండ్లకును తీగ లాగి సినిమాలు చూపసాగిరి. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధవార్తల కొఱకు పెద్ద హోటళ్ళలో డిష్‌లు లేచినవి. ఆ సంవత్సరమే ఏషియాశాట్-1 నుండి స్టార్ టీవీ ప్రసారములు వచ్చినవి. 1992 అక్టోబరు 2 న జీ టీవీ వచ్చినది. నాలుగైదేండ్లలో డాబాపై డిష్, క్రింద కంట్రోల్ రూము, చెట్టునుండి చెట్టుకు, మిద్దెనుండి మిద్దెకు వ్రేలాడు నల్లని తీగ, నెలకొకసారి రసీదు పుస్తకముతో వచ్చెడి కుఱ్ఱవాడు ప్రతి పట్టణమునకును సామాన్యమైపోయిరి. ఈ వ్యాపారమునకు చట్టమే లేకుండెను. 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సు, 1995 లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల క్రమబద్ధీకరణ చట్టము వచ్చి, ఆపరేటర్లు హెడ్ పోస్టాఫీసులో పేరు నమోదు చేసికొనవలెనని విధించినవి. ఆకాశమునుండి దిగిన ఛానళ్ళకు పోస్టుమాస్టరు సంతకము కావలసివచ్చుట వింతయే గాని, దేశమంతట పట్టణములలో ఉన్న కేంద్ర ప్రభుత్వ కార్యాలయము అది గదా!

1995 లోనే జెమిని టీవీ, ఆగస్టు 27 న ఈటీవీ ప్రారంభమైనవి. హైదరాబాదు స్తంభము అందని వేయి కిలోమీటర్ల దూరమునకు తెలుగు బొమ్మ ఉపగ్రహముద్వారా ఒక్క గంతున వచ్చినది. కాని వచ్చినది ఆకాశము వరకే. అచ్చటినుండి ఇంటికి దింపవలసినవాడు వీధి ఆపరేటరు. ఒక్కొక్క ఉపగ్రహము ఆకాశమున ఒక్కొక్క చోట నిలిచియుండును. ఒక డిష్ సాధారణముగా ఒక ఉపగ్రహమునే చూడగలదు. హిందీ ఛానళ్ళున్న ఉపగ్రహమున తెలుగు ఛానల్ లేకున్నచో దానికొక డిష్, ఒక రిసీవరు, తీగలోనికి ఎక్కించుటకొక మాడ్యులేటరు వేరుగా కావలెను. వేయి ఇండ్లకు తీగ లాగిన ఆపరేటరు పట్టున యాబది తెలుగిండ్లు మాత్రమే ఉన్నచో ఆ ఖర్చు అతనికి గిట్టునా? అట్టిచోట తెలుగువారు ఒక్కమాటపై నిలిచి అడిగినచో ఛానల్ వచ్చును; విడివిడిగా సణగినచో రాదు. సిద్ధగోరా వంటి పలుభాషల పేటలలో తెలుగు ఛానల్ సంఘబలముపై ఆధారపడిన వస్తువైనది. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వంటి ప్రదేశములు పండుగలకే కాక ఇట్టి మాటలకును కూడలి యగుట సహజము.

ఛానల్ తీగ నెక్కిన తరువాతను కథ ముగియలేదు. తీగలో దానికి ఏ పీట వేసిరి యనునది రెండవ ప్రశ్న. ఇది తెలియవలె నన్నచో తీగ స్వభావము కొంత తెలియవలెను. కేబుల్ తీగ నడుమ రాగి పూత గల కమ్మి, దానిచుట్టు తెల్లని నురుగు వంటి ప్లాస్టిక్కు, దానిపై రేకును జడవలె అల్లిన సన్నని తీగలును, పైన నల్లని తొడుగు ఉండును. లోపలి కమ్మి తరంగమును మోయును. అల్లిక బయటి తరంగములను లోనికి రానీయదు, లోనిదానిని బయటికి పోనీయదు. 1880 లో ఇంగ్లండున ఆలివర్ హెవీసైడ్ ఈ ఏర్పాటునకు పేటెంటు పొందెను. ఇంత రక్షణ యున్నను తీగ తాను మోసిన దానిలో కొంత తానే తినును. అందును పక్షపాతముతో తినును. తరంగపు సంఖ్య పెరిగినకొలది తిండి పెరుగును. ఇండ్లకు వాడెడి ఆర్.జి.-6 తీగ 100 మీటర్లు పోవునప్పటికి 55 మెగాహెర్ట్‌జుల ఛానల్ సుమారు 5 డెసిబెల్సు నష్టపడును, అనగా బలములో మూడవ వంతు మిగులును. 550 మెగాహెర్ట్‌జుల ఛానల్ సుమారు 16 డెసిబెల్సు నష్టపడి, నలభైయవ వంతు మాత్రమే మిగులును. ఒకే తీగలో, ఒకే దారిని, ఒకే ఇంటికి వచ్చిన రెండు ఛానళ్ళలో ఒకటి కడుపునిండ తిని వచ్చినట్లును, రెండవది పస్తుండి వచ్చినట్లును ఉండుటకు హేతువిదియే.

క్రింది పీటలు కొలదిగా ఉండెను. పాత సెట్లకు 2 మొదలు 12 వరకు గల సంఖ్యల ఛానళ్ళు మాత్రమే అందెడివి. నడుమనున్న ప్రత్యేక పట్టీలు వానికి కనబడవు. ఆ క్రింది పీటలపై జనాదరణ గల హిందీ ఛానళ్ళును, తరువాతి కాలమున పీట కొఱకు సొమ్ము చెల్లించిన ఛానళ్ళును కూర్చుండెను. 2000 లో చట్టమును సవరించి, దూరదర్శన్ ఛానళ్ళు రెంటిని, రాష్ట్రభాషా ఛానల్ ఒకదానిని ముఖ్యపట్టీలో తప్పక చూపవలెనని నిర్ణయించిరి. ఆ పీట ఆ రాష్ట్రపు భాషకే గాని, రాష్ట్రమున నివసించు అన్యభాషకు కాదు. 2000 నవంబరు 15 న జార్ఖండ్ ఏర్పడినను తెలుగువారి విషయమున మార్పులేదు. జనాదరణ తక్కువగా గల ఛానళ్ళకు మిగిలినవి పై పీటలు. తీగ ఎక్కువగా తినునవియు, పాత సెట్లు పట్టలేనివియు అవియే. తెలుగు ఛానలే ముందుగా మసకబారుటకు ఎవరి ద్వేషమును వెదకనక్కరలేదు. పీట ఎత్తుగా ఉండుటయే చాలును.

ఆ సవరణలో ఒక చిన్న మాట విద్యాధికులైన వారికిని తట్టకపోవచ్చును. దూరదర్శన్ ఛానళ్ళను, స్థానిక స్తంభము వాడుచున్న తరంగసంఖ్య కాక వేరొక సంఖ్యపై తీగలో పంపవలెనని అందు కలదు. దీని కారణము రసవంతమైనది. తీగద్వారా వచ్చిన బొమ్మకు కొందరి యిండ్లలో ఎడమవైపున నీడ కనబడెడిది. మునుపటి నీడ కుడివైపున గదా, ఇది ఎడమవైపున ఏల? తీగలో తరంగము గాలిలోని వేగమున సుమారు అయిదింట నాలుగు వంతుల వేగముననే పోవును. కంట్రోల్ రూము చుట్టి వచ్చుటకు మరికొంత ఆలస్యము. ఇంతలో స్థానిక స్తంభపు తరంగము తిన్నగా గాలిలో వచ్చి, పలుచని తొడుగు గల తీగలోనికో, సెట్టు లోపలికో దూరి, తీగ బొమ్మకంటె ముందే తెరపై కూర్చుండును. ముందు వచ్చినది ఎడమన, వెనుక వచ్చినది కుడిన కనబడుట తెర ధర్మము. ఏంటెన్నా తిప్పినను, సెట్టు మార్చినను పోని ఈ నీడ, ఆపరేటరు పీట మార్చినచో పోవును.

ఇంటిలో బొమ్మ చెడినప్పుడు జనులు చేసిన మొదటి పని సెట్టును కొట్టుట. రెండవది ఆపరేటరును తిట్టుట. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, దోషము తనచేతి పనిలో ఉండి ఆపరేటరుపై పడిన సందర్భములు తక్కువ కాదు. ఒక తీగను పడకగదికిని, నడవకును పంచుటకు స్ప్లిటరు అను చిన్న డబ్బీ పెట్టుదురు. రెండు పాయలు చేసినప్పుడు ఒక్కొక్క పాయకు 3.5 డెసిబెల్సు, నాలుగు పాయలు చేసినప్పుడు 7 డెసిబెల్సు నష్టము. నాలుగు పాయలలో మూడు ఖాళీగా ఉన్నను నష్టము నష్టమే. ఖాళీ నోళ్ళలో తరంగము తిరిగి కొట్టుకొని నీడలును కలుగును. కొందరు డబ్బీ ఖర్చు కూడ ఎందుకని రెండు తీగల కొనలు చెక్కి, మెలిపెట్టి, నల్లటేపు చుట్టెడివారు. కరెంటు తీగకు ఆ విద్య కొంతవరకు చెల్లును. కేబుల్ తీగకు చెల్లదు. దాని బలము లోపలి కమ్మికిని అల్లికకును మధ్యగల ఎడములో ఉన్నది. మెలిపెట్టినచోట ఆ ఎడము చెడును.

బొమ్మ పలుచబడగానే బజారునుండి బూస్టరు తెచ్చి సెట్టు వెనుక తగిలించుట మరియొక వాడుక. బూస్టరు తనకు అందిన దానిని పెద్దది చేయును. చుక్కలతో కలిసి అందినచో చుక్కలనుగూడ పెద్దవి చేయును. ఇదిగాక, కొన్ని ఛానళ్ళు అంతకుముందే బలముగా వచ్చుచున్నచో బూస్టరు వానిని భరింపజాలక ఒకదానినొకటి కలిపివేయును. తెరపై చేపముల్లు వంటి ఏటవాలు గీతలు పారును. కొండ నాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లు, తెలుగు ఛానలుకొఱకు పెట్టిన బూస్టరు హిందీ ఛానలును చెరచును. యాంప్లిఫైయరు ఉండవలసిన చోటు తీగ మొదటనో నడుమనో గాని, కొనను కాదు. లాన్స్‌ఫర్డ్‌లో దారిపొడుగున యాంప్లిఫైయర్లు పెట్టుటలోని వివేక మిదియే. సెట్టు కొనకు సుమారు ఒక మిల్లీవోల్టు అందినచో చాలును. అది లేనిచోట ఇంటిలోని యే డబ్బీయు దానిని పుట్టింపలేదు.

చాలసార్లు దోషము పిన్నులో ఉండును. సెట్టు వెనుక గుచ్చెడి ఆ పిన్నులో అల్లికనుండి విడివడిన వెంట్రుకవాసి తీగ యొక్కటి నడిమి కమ్మిని తాకినచో బొమ్మ పూర్తిగా పోవును; కమ్మి పొట్టిదైనచో వచ్చుచు పోవుచు ఉండును. పిల్లిని చంకన పెట్టుకొని ఊరంతయు వెదకినట్లు, కంట్రోల్ రూమునకు పదిసార్లు కబురంపినవారు ఈ పిన్నును ఒకసారి విప్పి చూడరు. వర్షాకాలమున ఈ తెగులు హెచ్చు. మిద్దె అంచున చిల్లుపడిన తొడుగులోనికి నీరు దిగి, అల్లికను నల్లబరచి, నురుగు ప్లాస్టిక్కులో నిలిచిపోవును. వాన వెలిసి ఎండ కాసినను బొమ్మ బాగుపడదు. ఆ ముక్క కోసి పారవేయవలసినదే. తీగను గోడలోని రంధ్రమునకు తిన్నగా దించక, ముందు కొంచెము క్రిందికి వంపు వ్రేలాడదీసి పైకి తెచ్చినచో నీరు వంపుకడ కారిపోవును. చైత్ర వైశాఖములలో వచ్చెడి కాలబైసాఖి గాలివానలయందు పిడుగు భయమును కలదు. ఆకాశము ఉరిమినప్పుడు తీగను సెట్టునుండి ఊడదీయుట వివేకము.

దోషము వీధిలో ఉన్నట్లు గుర్తించుటకు సులభోపాయ మొకటి కలదు: పొరుగింటికి పోయి చూచుట. పొరుగింటిలోను అట్లే యున్నచో సెట్టు విప్పుట వృథా. కరెంటు ఉండగా అన్ని ఛానళ్ళును ఒక్కసారిగా పోయినచో దారిలోని యాంప్లిఫైయరునకు కరెంటు లేదనవచ్చును. పూర్వము ఆపరేటర్లు యాంప్లిఫైయరుకు కరెంటు దారిలోని ఏ యింటినుండియో తీసికొనెడివారు. కంపెనీ కరెంటు గల క్వార్టరులో దీపములు వెలుగుచుండగా, విద్యుత్ బోర్డు కరెంటుపై నడచు బస్తీలోని డబ్బీ ఆరిపోయినచో క్వార్టరులోని బొమ్మయు పోయెడిది. వెడల్పైన నల్లని పట్టీ యొకటి తెరపై మెల్లగా ప్రాకుచున్నచో, 50 సార్ల ఇంటి కరెంటు తీగ అల్లికలోనికి చొరబడినదని గుర్తు. అట్టి తీగను తడిచేతితో ముట్టరాదు.

ఇల్లును, వీధియు, కంట్రోల్ రూమును నిర్దోషులైనప్పటికి బొమ్మ పోవు దినములు ఏడాదికి రెండుసార్లు వచ్చును. మార్చి, అక్టోబరు మాసముల మొదటి పక్షములలో సూర్యుడు మన చూపునకు సరిగా ఉపగ్రహము వెనుకకు వచ్చును. డిష్ ఉపగ్రహమును చూచుచు సూర్యుని గూడ చూచును; సూర్యుని హోరులో ఛానల్ మునిగిపోవును. కొన్ని దినములపాటు పగటివేళ కొద్ది నిమిషములే ఈ అవస్థ. దసరా పందిళ్ళ పనులు సాగుచుండు కాలమది యగుటచే, పందిరివాడు తీగ తెంచినాడని నింద వచ్చుట వింతగాదు.

2003 లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి ఉచిత డిష్, 2006 లో టాటా స్కై వచ్చి, ఆపరేటరు దయతో పనిలేకుండ చిన్న గొడుగుతో తెలుగు ఛానళ్ళను తిన్నగా ఇంటికి దింపినవి. పీటల తారతమ్యము అచ్చట లేదు. కాని వాటి తరంగములు 11, 12 గిగాహెర్ట్‌జులవి; కుంభవృష్టిలో నీటిచుక్కలు వానిని మింగును. ఆపరేటరు పెద్దడిష్ వాడుచుండిన 4 గిగాహెర్ట్‌జుల తరంగములకు వానవలన అంత బాధ లేదు. ఒక బాధను వదలించుకొన్నవారు మరియొక బాధను కొనుక్కొనిరి.

తీగకును మార్పు వచ్చినది. 2011 డిసెంబరులో చట్టమును సవరించి, దేశమంతటను సెట్ టాప్ బాక్సుల పద్ధతిని విధించిరి. 2012 లో మహానగరములు, 2013 మార్చి నాటికి రాంచీ, హైదరాబాదు, విశాఖపట్టణములతో చేరిన 38 నగరములు గడువున పడినవి. జంషెడ్‌పూరు ఆ జాబితాలో లేదు. తక్కిన పట్టణములకును గ్రామములకును చివరి గడువు 2017 మార్చి 31 వరకు సాగినది. ఈ మార్పుతో పాత గుర్తులన్నియు చెల్లకపోయినవి. చుక్కలు లేవు, నీడలు లేవు, ప్రాకెడి పట్టీలు లేవు. బొమ్మ వచ్చినచో అద్దమువలె వచ్చును. లేనిచో చదరములుగా విరిగి, కొయ్యబారి, నల్లని తెరపై "సిగ్నల్ లేదు" అను పలుకు మిగులును. పూర్వపు చుక్కలు రోగము ముదురుటకు ముందే హెచ్చరించెడివి. నేటి బొమ్మ గట్టు అంచువరకు నిబ్బరముగా నడచి ఒక్క అడుగులో పడును. తీగ నానుచున్నదో, పిన్ను తుప్పుపట్టుచున్నదో పడిన తరువాతగాని తెలియదు.

ఐనను దీనివలన తెలుగు ఛానలునకు ఒక మేలు కలిగినది. పూర్వము ఒక ఛానల్ ఆక్రమించిన పీటపై ఇప్పుడు పది పదునైదు ఛానళ్ళు మూటగట్టి కూర్చుండును. ఆ మూటలో హిందీ ఉండవచ్చును, తెలుగు ఉండవచ్చును. చెడినచో అన్నియు కలిసి చెడును. దోషము కనిపెట్టు పద్ధతియు దీనినిబట్టి మారినది. ఒక మూటలోని ఛానళ్ళు మాత్రమే విరుగుచున్నచో ఆ తరంగసంఖ్యపై దోషము. తీగ 862 మెగాహెర్ట్‌జుల వరకు వాడుదురు. సెల్‌ఫోన్లు పలుకు ఒక పట్టీ 824 నుండి 849 వరకు గలదు. కావున పై మూట విరుగుచున్నప్పుడు సెట్టుమీద పెట్టిన ఫోనును దూరముగా తీసి చూడవలెను. వదులు పిన్నుద్వారా అది లోనికి దూరియుండవచ్చును. అన్ని ఛానళ్ళును పోయినచో తీగయో, కరెంటో. ఒక్క ఛానల్ మాత్రమే పోయి, తక్కినవన్నియు అద్దమువలె ఉన్నచో దోషము తీగలో లేదు.

ఆ చివరిది 2019 ఫిబ్రవరి నుండి ఎక్కువగా అనుభవమునకు వచ్చినది. ట్రాయ్ వారి క్రొత్త పద్ధతిని అనుసరించి, అప్పుడు 130 రూపాయలకు 100 ఛానళ్ళు మూలచందాగా ఏర్పడి, రుసుము గల ఛానళ్ళను చందాదారు పేరుపేరున కోరుకొనవలసివచ్చెను. కోరని ఛానల్ తెరపై రాదు. ఆపరేటరు హిందీ ప్రాంతమునకు తగిన మూట నొకదానిని అందరికిని కట్టిపెట్టినచో తెలుగు అందులో చేరదు. ఇంటివారు పిన్ను విప్పి, తీగ మార్చి, బాక్సు ఆర్పి వెలిగించి విసిగిపోవుదురు. అట్టి వేళ తెరపై వచ్చు వాక్యమును శ్రద్ధగా చదివినచో చాలును. "సిగ్నల్ లేదు" అనునది ఒకటి, "ఈ ఛానలునకు చందా లేదు" అనునది వేరొకటి. మొదటిది నిచ్చెన వేసి మిద్దెయెక్కవలసిన పని. రెండవది ఆపరేటరునకు ఛానల్ పేరు చెప్పి వ్రాయించుకొనవలసిన పని. 1995 లో యాబది ఇండ్లవారు కూడి అడుగవలసిన ఛానలును ఇప్పుడు ఒక్క ఇల్లు అడిగి తెచ్చుకొనవచ్చును.

పెద్ద దారులలో రాగితీగ స్థానమును గాజునార ఆక్రమించినది. అది తరంగమును వెలుగుగా మోయును; సెల్‌ఫోను మాట దానిలోనికి దూరదు, ఇంటి కరెంటు హోరు దానికి అంటదు. వీధి స్తంభము వరకు గాజునార వచ్చినచోటులందును, స్తంభమునుండి సెట్టువరకు గల చివరి ఇరువది ముప్పది మీటర్లు చాల ఇండ్లలో ఇంకను నల్లని రాగితీగయే, కొనను అదే పిన్ను. వానలు పట్టుటకు ముందు దానిని విప్పి, కమ్మిని తుడిచి, అల్లికను సరిచేసి బిగించుట ఇంటివారికి అయిదు నిమిషముల పని.